కిడ్నీలో గడ్డ, చేతిలో సీటీ రిపోర్టు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కడుపునొప్పికో గ్యాస్‌కో అల్ట్రాసౌండ్ తీయించుకుంటారు, అనుకోకుండా కిడ్నీలో గడ్డ బయటపడుతుంది. ఆ వెంటనే సీటీ స్కాన్, రిపోర్టు, టెన్షన్. ఆ రిపోర్టులు రాసే రేడియాలజిస్టుగా నాకు తరచూ వినపడే మాటలివి.

అపోహ: కిడ్నీలో గడ్డ అంటే క్యాన్సరే.

వాస్తవం: చాలావరకు అవి గడ్డలే కావు, నీటి తిత్తులు. గట్టి గడ్డల్లో మాత్రం క్యాన్సర్లే ఎక్కువ, ఆ మాట దాచను. అయితే 4 సెంటీమీటర్ల లోపు గట్టి గడ్డల్ని ఆపరేషన్ చేసి తీశాక చూస్తే, దాదాపు ఐదింటిలో ఒకటి ప్రమాదం లేనిదని తేలుతుంది.

అపోహ: సీటీలో గడ్డ పేరు తెలిసిపోతుంది.

వాస్తవం: సీటీకి తెలిసేది సాంద్రత మాత్రమే. దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తాం. నీటికి 0, గాలికి మైనస్ 1000. కొవ్వు నీటికన్నా కిందే, మైనస్ 100 దగ్గర ఉంటుంది. ఈ అంకె వల్లే ఒక్క గడ్డకు మేము ధైర్యంగా పేరు పెట్టగలం. దాని పేరు యాంజియోమయోలైపోమా. రక్తనాళాలు, కండ, కొవ్వు కలగలిసిన గడ్డ అది, మామూలుగా క్యాన్సర్ కాదు. ప్లెయిన్ సీటీలో, అంటే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన సీటీలో, గడ్డలో ఏదో ఒక చోట మైనస్ 10 కన్నా తక్కువ వచ్చిందంటే దాదాపు అదే. పలుచటి స్లైసుల్లో (సీటీ తీసే అడ్డకోత బొమ్మల్లో) వెతకాలి. స్లైసు మందంగా ఉంటే చిటికెడు కొవ్వు పక్క కణజాలంతో కలిసిపోయి అంకె మారిపోతుంది. కొవ్వుతోపాటు సున్నం (కాల్షియం) కూడా పేరుకుని కనిపిస్తే మాత్రం నాకు క్యాన్సర్ అనుమానం మొదలవుతుంది.

ఇదే గడ్డలో కంటికి కనిపించేంత కొవ్వు లేని రకం కూడా ఉంది. అది అచ్చం క్యాన్సర్‌లాగే ఉంటుంది. ఆంకోసైటోమా అనే ప్రమాదం లేని గడ్డ ఇంకో తలనొప్పి. మధ్యలో నక్షత్రంలాంటి మచ్చ ఉంటే అదేనని చదువుకున్నాం, కానీ క్రోమోఫోబ్ అనే క్యాన్సర్‌లోనూ అలాంటి మచ్చే కనిపించవచ్చు. "రెండింటినీ వేరు చేయలేము" అని రిపోర్టులో రాస్తే చేతకాక రాశారనుకోకండి. అలాంటి చోట పేరు తేల్చేది గడ్డ ముక్కను చూసే మైక్రోస్కోపే.

అపోహ: ఒకే స్కాన్‌ను మూడు నాలుగుసార్లు తీసేది బిల్లు కోసమే.

వాస్తవం: గడ్డలోకి రక్తం వెళ్తోందా లేదా అన్నది తేడా చూస్తేనే తెలుస్తుంది. ప్లెయిన్‌లో 30 ఉన్నది కాంట్రాస్ట్ ఎక్కించాక 90 అయితే అది గట్టి గడ్డ. 20 యూనిట్లు పెరిగితే నమ్మవచ్చు, 10 నుంచి 20 మధ్య అయితే అనుమానమే. పాపిల్లరీ రకం క్యాన్సర్ కాంట్రాస్ట్‌ను చాలా తక్కువగా తీసుకుంటుంది, తిత్తి అని పొరబడే ప్రమాదముంది. దానికి వ్యతిరేకంగా, రక్తం చేరిన తిత్తి మొదటి నుంచే 75 ఉంటుంది. కాంట్రాస్ట్ బొమ్మ ఒక్కటే చూస్తే అది గడ్డలా కనిపిస్తుంది. ప్లెయిన్ తీయకుండా పంపిన స్కాన్లు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. ఆ పేషెంటు మళ్లీ డబ్బు కట్టి మళ్లీ తీయించుకోవాలి. అలాగని అందరికీ అన్ని ఫేజులూ, అంటే స్కాన్ విడతలన్నీ, అక్కర్లేదు, రేడియేషన్ కూడా ఆలోచించాలి.

అపోహ: కాంట్రాస్ట్ ఇస్తే కిడ్నీలు పోతాయి.

వాస్తవం: కిడ్నీ పనితీరు ఓ మోస్తరుగా ఉన్నవారికి ఆ ముప్పు చాలా తక్కువ. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంత బాగుందో చెప్పే రక్తపరీక్ష అంకె) 30 కన్నా తక్కువైతే జాగ్రత్త పడతాం. అలర్జీ, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రల సంగతి ముందే చెప్పండి.

అపోహ: స్కాన్‌లో అన్నీ కనిపిస్తాయి, రోగం చరిత్ర ఎందుకు?

వాస్తవం: ఎందుకంటే బొమ్మ ఒకటే, అర్థాలు వేరు. పాత రాయి, జ్వరం, షుగర్ ఉన్న మనిషిలో కిడ్నీ మొత్తం ఉబ్బి గడ్డలా ఉంటే అది శాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్ కావచ్చు. పేరు పలకడానికే ఊపిరి చాలదు గానీ, అది ఇన్ఫెక్షన్. కుర్రవాడికి బీపీ ఎక్కువ, పొటాషియం తక్కువ అంటే రెనిన్ అనే బీపీ పెంచే పదార్థాన్ని తయారుచేసే చిన్న గడ్డ కోసం వెతుకుతాను. సికిల్ సెల్ ట్రెయిట్ (సికిల్ సెల్ రక్తవ్యాధి జన్యువు ఒక్కటే ఉండటం) ఉన్న యువకుల్లో కిడ్నీ లోపలి భాగంలో మెడుల్లరీ కార్సినోమా అనే మొండి క్యాన్సర్ వస్తుంది. చాలా చాలా అరుదు, ఎక్కువగా ఆఫ్రికన్ మూలాలవారిలో చూశారు. అయినా మన ఏజెన్సీ గిరిజనుల్లోనూ సికిల్ జన్యువు ఉంది కాబట్టి, మూత్రంలో రక్తం పడుతుంటే ట్రెయిట్ సంగతి ఫారంలో రాయించండి.

అపోహ: ప్రమాదం లేనిదని తేలితే ఇక మర్చిపోవచ్చు.

వాస్తవం: యాంజియోమయోలైపోమా 4 సెంటీమీటర్లు దాటితే పగిలి రక్తస్రావం కావచ్చు. గర్భిణుల్లో ఇంకా జాగ్రత్త. నడుము పక్కన ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. రెండు కిడ్నీల్లోనూ చాలా గడ్డలుంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ (మెదడు, కిడ్నీల వంటి చోట్ల గడ్డలు వచ్చే జన్యువ్యాధి) ఉందేమో చూస్తాం, ఫిట్స్ గురించి అడుగుతాం.

అపోహ: ఫిల్మ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలు.

వాస్తవం: సీడీ ఇవ్వండి, పాతవి ఉంటే అవీ ఇవ్వండి. ఫొటోలో గడ్డ కనిపిస్తుంది, కానీ దాని మీద కర్సర్ పెట్టి మైనస్ 10 ఉందో, ప్లస్ 40 ఉందో కొలవలేను.