క్రీడా వివాదాలు, యువ క్రీడాకారులు: నేను తరచూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

క్రీడా వివాదాల్లో న్యాయవాదిగా, మీడియేటర్‌గా (ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే మనిషిగా) పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంకా చదువుకునే వయసు పిల్లలే, పక్కన అమ్మో నాన్నో, ఒక్కోసారి కోచ్. ఈ పిల్లల్లో చాలామంది వాదనలో ఓడిపోరు, అక్కడిదాకా రాకముందే ఓడిపోతారు. చదవకుండా సంతకం పెట్టిన కాగితం దగ్గర, ఎవరూ లెక్కపెట్టని గడువు దగ్గర, అడిగితే ఏమనుకుంటారోనని అడగని ప్రశ్న దగ్గర. అందుకే పిల్లల్ని ఆటగాళ్లుగా తయారుచేసేవాళ్లు, వివాదాలు తీర్చేవాళ్లు మొదటినుంచీ కలిసి పనిచేయాలని పదే పదే చెబుతుంటాను. అలా చెప్పినప్పుడల్లా ఎదురయ్యే మాటలే ఇవి.

అపోహ: వీడియోలో అంపైర్ తప్పు స్పష్టంగా కనిపిస్తోంది, అప్పీలుకు వెళ్తే గెలుస్తాం

దాదాపు ఎప్పుడూ గెలవరు. ఆట జరుగుతుండగా రిఫరీ, అంపైర్, జడ్జి తీసుకున్న నిర్ణయాన్ని ట్రిబ్యునళ్లు తిరగదోడవు. లంచమో, పక్షపాతమో, దురుద్దేశమో ఉందని రుజువు చేయగలిగితేనే వేలు పెడతాయి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్ చూడండి. దక్షిణ కొరియాకు చెందిన యాంగ్ టే యంగ్ పారలల్ బార్స్ విన్యాసానికి ప్రారంభ విలువ, అంటే తప్పు లేకుండా చేస్తే రాగల గరిష్ఠ స్కోరు, 10.0 ఇవ్వాల్సింది, జడ్జిలు 9.9 ఇచ్చారు. ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచిన పాల్ హామ్‌కూ అతనికీ తేడా 0.049 మాత్రమే. తప్పు జరిగిందని అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్యే ఒప్పుకుంది, జడ్జిలను సస్పెండ్ కూడా చేసింది. అయినా అంతర్జాతీయ క్రీడా వివాదాలు తేల్చే, స్విట్జర్లాండ్ లొసాన్‌లోని కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ఫర్ స్పోర్ట్, అంటే పత్రికల్లో మనం చదివే కాస్, పతకం మార్చలేదు. అభ్యంతరం పోటీ నడుస్తుండగానే సరైన పద్ధతిలో చెప్పాలి, ఆ తర్వాత లేదు. ఈ ఒక్క సంగతి కోచ్‌లకు ముందే తెలిసి ఉంటే ఎంతో తేడా వస్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో అక్కడ ఉండేది కోచ్, లాయర్ కాదు.

అపోహ: ముందు పెద్దలతో మాట్లాడి చూద్దాం, కుదరకపోతే అప్పుడు చూసుకోవచ్చు

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. సమాఖ్య నిబంధనల్లో వేరే గడువు లేకపోతే, నిర్ణయం చేతికి అందిన రోజునుంచి 21 రోజుల్లో కాస్‌కు అప్పీలు చేయాలి. ఆ గడువు ముగిశాక పూర్తి వాదన పత్రం దాఖలు చేయడానికి ఇంకో 10 రోజులు. చాలా క్రీడల్లో లోపలి అప్పీలు, అంటే ముందుగా సమాఖ్యలోనే చేసుకునే అప్పీలు, గడువు దీనికన్నా చిన్నది, జట్టు ఎంపిక విషయంలో అయితే రెండు మూడు రోజులే ఉండొచ్చు. మీరు పెద్దలతో మాట్లాడుతున్నారని ఆ గడువు ఆగదు.

ఒక నాన్న నా టేబుల్ మీద లావుపాటి ఫైల్ పెట్టాడు. ప్లాస్టిక్ కవర్లలో వరుసగా కూతురి సర్టిఫికెట్లు, ఫొటోలు, పేపర్ కటింగ్‌లు, ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా, మధ్యలో రంగు కాగితాలతో సహా. అంత శ్రద్ధగా అన్నీ పెట్టుకున్న ఫైల్లో జట్టులోంచి తీసేసినట్టు చెప్పే లేఖ మాత్రం లేదు. ఫోన్‌లో ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ ఉంది, పైభాగం కత్తిరించి ఉంది, తేదీ లేదు, ఎవరు ఎవరికి పంపారో లేదు. ఆమె టైమింగ్‌లు ఎంత బాగున్నాయో ఆయన అరగంట చెప్పాడు, నేనేమో ఆ నిర్ణయం ఏ రోజు అందిందని అడుగుతూనే ఉన్నాను. చివరికి అసలు మెయిల్ కోచ్ ఇన్‌బాక్స్‌లో దొరికింది, లోపలి అప్పీలు గడువు అప్పటికే దాటిపోయింది. ఆ అమ్మాయి ఎంపికకు అర్హురాలా కాదా అన్న ప్రశ్న దాకా వెళ్లనే లేదు.

కాబట్టి నిర్ణయం నోటిమాటగా చెబితే రాతపూర్వకంగా, కారణాలతో ఇవ్వమని అదే రోజు మెయిల్ పెట్టండి. అందిన మెయిల్‌ను అలాగే భద్రపరచండి. మాట్లాడటం మంచిదే, అప్పీలు నోటీసు ఇచ్చాక కూడా మాట్లాడొచ్చు.

అపోహ: పాపం చిన్న పిల్ల కదా, న్యాయం మనవైపే ఉంది, రూల్ సడలిస్తారు

జాలి ఉంటుంది, నిజమే. కానీ జాలితో రూల్ మారదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ ఫైనల్ రోజు ఉదయం 50 కిలోల పరిమితికి 100 గ్రాములు ఎక్కువ తూగడంతో పోటీ నుంచే తప్పించారు. ఉమ్మడి రజతం ఇవ్వమని ఆమె కాస్‌ను ఆశ్రయించింది, ఆగస్టు 14న అప్పీలు తిరస్కరించారు. ఆమె తప్పుడు పని చేయలేదని తీర్పు చెప్పినవాళ్లూ అన్నారు, పర్యవసానాలు కఠినంగా ఉన్నాయనీ అన్నారు. కానీ నిబంధనలో సడలింపుకు చోటు లేదు.

మరి రూలే అన్యాయం అనిపిస్తే? అప్పుడు వాదించాల్సింది ఆ రూల్ మీదే, అదీ ఆధారాలతో. స్ప్రింటర్ ద్యుతీ చంద్ చేసింది అదే. 2014లో పద్దెనిమిదేళ్ల వయసులో, శరీరంలో సహజంగా టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉందని ఆమెను పోటీలకు దూరం పెట్టారు. ఆ నిబంధనకు శాస్త్రీయ ఆధారం చాలదని ఆమె కాస్‌లో సవాలు చేసింది. 2015 జులైలో కాస్ ఆ నిబంధనలను రెండేళ్లపాటు నిలిపేసి, ఆధారాలు తెమ్మని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్యను అడిగింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె 100 మీటర్లు పరుగెత్తింది. తర్వాత 2018లో వచ్చిన కొత్త నిబంధనలు 400 మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పోటీలకే పరిమితమయ్యాయి, ఆమె పరుగెత్తే దూరాలు వాటిలో లేవు.

ఆ కేసును ద్యుతీ ఒక్కతే నడపలేదు. భారత క్రీడా ప్రాధికార సంస్థ అండగా నిలబడింది, ఈ అంశంపై పనిచేస్తున్న పరిశోధకురాలు తోడు వచ్చింది, కెనడా లాయర్లు ఫీజు తీసుకోకుండా వాదించారు, శాస్త్రవేత్తలు సాక్ష్యం చెప్పారు. భాగస్వామ్యం అని నేను అనేది దీన్నే.

అపోహ: ఇదంతా డబ్బున్నవాళ్లకే

లాయర్ ఖర్చు భారమే, దాన్ని కాదనను. అయితే తెలియక వదిలేసుకునే దారులు ఉన్నాయి. అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చిన, పూర్తిగా క్రమశిక్షణకు సంబంధించిన నిర్ణయాలపై కాస్‌లో అప్పీలుకు 1,000 స్విస్ ఫ్రాంకుల రుసుము కడితే ఆర్బిట్రేటర్ల (అక్కడ తీర్పు చెప్పేవాళ్ల) ఖర్చు కాస్ భరిస్తుంది. స్తోమత లేనివాళ్లకు న్యాయ సహాయ నిధి ఉంది, ఉచితంగా వాదించే లాయర్ల జాబితా ఉంది. ఒలింపిక్స్ సమయంలో ఆతిథ్య నగరంలోనే కాస్ తాత్కాలిక విభాగం పనిచేస్తుంది, 1996 అట్లాంటా నుంచి ఇది ఉంది, సాధారణంగా 24 గంటల్లో తేల్చేస్తుంది, దానికి రుసుము లేదు. ఇవన్నీ దరఖాస్తు పెట్టుకుంటేనే, అడగకుండా ఎవరూ పిలిచి ఇవ్వరు.

అపోహ: మైనర్లకు డోపింగ్ నిబంధనలు అంతగా వర్తించవు

వర్తిస్తాయి. శాంపిల్‌లో నిషేధిత పదార్థం ఉంటే దానికి బాధ్యత క్రీడాకారుడిదే, వయసు ఎంతైనా. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నియమావళిలో పదహారేళ్ల లోపువారికి, కొన్ని షరతులతో పద్దెనిమిదేళ్ల లోపువారికి రక్షిత వ్యక్తి హోదా ఉంది. తమ తప్పు పెద్దగా లేదని నిరూపిస్తే శిక్ష హెచ్చరిక నుంచి రెండేళ్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. నిరూపించలేకపోతే ఆ హోదా ఆదుకోదు. రష్యా స్కేటర్ కమీలా వలియేవాకు 2021 డిసెంబర్ 25న శాంపిల్ తీసుకున్నప్పుడు పదిహేనేళ్లు. 2024 జనవరిలో కాస్ ఆమెకు నాలుగేళ్ల నిషేధం విధించింది, ఆమె పాయింట్లు పోవడంతో 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో జట్టుకు వచ్చిన మొదటి స్థానం కూడా పోయింది.

ఆ మాత్రలు, పొడులు పిల్లలు తమంతట తాము కొనుక్కోరు, పెద్దవాళ్లెవరో చేతిలో పెడతారు. అందుకే ఇలాంటి కేసుల్లో కోచ్, డాక్టర్ వంటి సహాయక సిబ్బందిపై తప్పనిసరిగా విచారణ జరపాలని నియమావళే చెబుతోంది. సప్లిమెంట్ వాడాల్సే వస్తే డబ్బా మీది బ్యాచ్ నంబర్ ఫొటో తీయండి, బిల్లు దాచండి, కొంత పొడి సీల్ తీయని డబ్బాతో పాటు పక్కన పెట్టండి. కల్తీ అయిందని తర్వాత చెప్పాలంటే పరీక్షకు పంపడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా. జబ్బుకు మందు వాడుతుంటే చికిత్సా మినహాయింపు పత్రం ముందే తీసుకోవాలి.

అపోహ: మీడియేషన్ అంటే బలహీనులు తలొంచడం

కాదు. డోపింగ్ లాంటివి మీడియేషన్‌కు పనికిరావు, వేధింపుల ఫిర్యాదునైతే అసలు బేరసారాలకు పెట్టకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ కోచ్‌తో గొడవ, క్లబ్ మారడం, శిక్షణ వేళలు, బకాయి పడ్డ డబ్బు, వీటిలో తీర్పు వచ్చాక కూడా ఇద్దరూ అదే మైదానానికి రావాలి. ఇద్దరినీ కూర్చోబెట్టి సరిచేయగలిగితే పిల్లల సీజన్ పోదు.

అపోహ: స్పాన్సర్ దొరికితే ఇక టెన్షన్ లేదు

కొన్నిసార్లు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. పదహారేళ్ల అబ్బాయి ఒప్పందంలో నేను చూసిన షరతు ఇది: జాతీయ జట్టుకు ఎంపిక కాకపోతే అప్పటిదాకా ఇచ్చిన మొత్తం తిరిగి చెల్లించాలి. గాయమైతే ఏమిటన్నది ఎక్కడా లేదు. అతని పేరు, ఫొటో వాడుకునే హక్కుకు కాలపరిమితి లేదు. కింద తల్లి సంతకం ఉంది, ఆమెకు ఆ భాష చదవడం రాదు. ఫుట్‌బాల్‌లో పద్దెనిమిదేళ్ల లోపువారితో మూడేళ్లకు మించి ఒప్పందం కుదుర్చుకోకూడదని ఫిఫా నిబంధన ఉంది. అన్ని క్రీడల్లో అంత రక్షణ లేదు.

ఇంకో మంచి పద్ధతి కూడా ఫుట్‌బాల్‌లోనే ఉంది. ఆటగాడు ఒప్పందం నడుస్తుండగా మరో క్లబ్‌కు బదిలీ అయితే, బదిలీకి ఆ క్లబ్ చెల్లించే మొత్తంలో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ఏళ్ల లెక్కన పంచాలి. పిల్లవాణ్ని పెంచిన చిన్న క్లబ్బుకు పేరు దక్కడమే కాదు, వాటా కూడా హక్కుగా వస్తుంది.

నా దృష్టిలో మంచి భాగస్వామ్యం అంటే డబ్బిచ్చేవాళ్లు, శిక్షణ ఇచ్చేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు, వీళ్ల పక్కన నిబంధనలు తెలిసిన స్వతంత్ర వ్యక్తి ఒకరు, ఫిజియో ఉన్నంత మామూలుగా. వివాద పరిష్కార సంస్థలు యువ క్రీడాకారుల పథకాలతో చేతులు కలిపితే ఏడాదికి ఒకటి రెండు శిక్షణ రోజులు పెట్టొచ్చు. ఎంపిక విధానం ఎలా చదవాలి, అప్పీలు నోటీసులో ఏముండాలి, ఒప్పందంలో ఏ పేజీ ముందు చూడాలి, ఇవి చేయించి చూపొచ్చు. నమూనా విచారణ పెట్టి పిల్లల్నే రెండు పక్షాలుగా మాట్లాడిస్తే, ఉపన్యాసం వింటే పట్టని విషయం ఒక్క పూటలో పట్టుబడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సలహా ఇచ్చినవాళ్లే రేపు తీర్పు చెప్పే స్థానంలో కూర్చోకూడదు. కాస్ తన ఆర్బిట్రేటర్లు అక్కడే లాయర్లుగా వాదించకూడదని నిబంధన పెట్టింది ఇందుకే. చైనా స్విమ్మర్ సున్ యాంగ్‌పై ఎనిమిదేళ్ల నిషేధం తీర్పును స్విట్జర్లాండ్ సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో కొట్టేసింది, ప్యానెల్ అధ్యక్షుడి పాత ట్వీట్లు నిష్పాక్షికతపై అనుమానం కలిగించాయని. మళ్లీ విచారించాక అది నాలుగేళ్ల మూడు నెలలైంది. భాగస్వామ్య ఒప్పందంలోనే ఈ గోడ రాతపూర్వకంగా ఉండాలి, సలహా బృందం వేరు, విచారణ బృందం వేరు అని.

అపోహ: ఎంత చిన్నప్పుడు ఒకే ఆటలో పెడితే అంత పైకి వస్తారు

చాలా క్రీడల్లో పరిశోధనలు దీనికి ఎదురే చెబుతున్నాయి. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు వేరే ఆటలూ ఆడినవాళ్లే. నా పనిలో దీని ఫలితం గాయాల రూపంలో, చదువు ఆగిపోయిన రూపంలో కనిపిస్తుంది.

అపోహ: ఫిర్యాదు చేస్తే పేరు చెడుతుంది, మళ్లీ ఎంపిక చేయరు

ఈ భయం అబద్ధమని చెప్పను, కక్ష కట్టేవాళ్లు ఉన్నారు. కానీ రాతలో ఉన్న అప్పీలుకు జవాబు కూడా రాతలోనే ఇవ్వాలి. ఆ తర్వాత అదే పిల్లను కారణం లేకుండా పక్కన పెట్టడం అంత తేలిక కాదు. భయం తగ్గాలంటే అడిగేది పిల్ల ఒక్కతే కాకూడదు. క్రీడాకారుల సంఘం పేరుతో, పథకం నడిపే సంస్థ పేరుతో ఉత్తరం వెళ్లాలి. మీ అమ్మాయి, అబ్బాయి ఉన్న పథకం నిర్వాహకులను ఈ వారమే మూడు ప్రశ్నలు అడగండి: ఎంపిక విధానం ప్రతి ఎక్కడ దొరుకుతుంది, అప్పీలు గడువు ఎన్ని రోజులు, వివాదం వస్తే మొదట ఫోన్ చేయాల్సిన స్వతంత్ర వ్యక్తి ఎవరు. మూడో దానికి సమాధానం లేకపోతే, ఒకరిని నియమించమని మిగతా తల్లిదండ్రులతో కలిసి సంతకాలు పెట్టి ఇవ్వండి.