కాసోనే చర్చి బొమ్మ ఎవరిది?

2010 ఫిబ్రవరిలో లండన్‌లోని సదబీస్ వేలంలో ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ వేసిన ‘కాసోనే చర్చి’ 2.69 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. వార్తలన్నీ ఆ ధర గురించే రాశాయి. ఆ సొమ్మును ఇద్దరు ఎందుకు పంచుకోవాల్సి వచ్చిందన్నది నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం.

1913 వేసవిలో క్లిమ్ట్ ఇటలీలోని గార్డా సరస్సు దగ్గర గడిపాడు. అప్పుడు ఆ ఒడ్డునున్న కాసోనే ఊరిని చూసి వేసిందే ఇది. పొడవూ వెడల్పూ సమానం, 110 సెంటీమీటర్లు. అడుగున సన్నగా నీళ్లు, ఒడ్డునే చర్చి, దాని మీదుగా ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఇళ్ల గోడలు, మధ్యమధ్య నిటారుగా నల్లటి సైప్రస్ చెట్లు. దూరం, దగ్గర అన్న తేడా చెరిగిపోయి ఊరంతా ఒకే తలం మీదికి వచ్చేస్తుంది. దూరపు దృశ్యాలను క్లిమ్ట్ టెలిస్కోపుతో దగ్గరకు లాక్కుని వేసేవాడు. ఆ పద్ధతి ఇక్కడ తెలిసిపోతుంది.

దీన్ని ఉక్కు వ్యాపారి విక్టర్ జుకర్‌కాండ్ల్ కొన్నాడు. 1927లో ఆయన పోయాక చెల్లెలు అమాలీ రెడ్లిక్‌కు చేరింది. 1938లో ఆస్ట్రియా హిట్లర్ వశమైంది. వాళ్లు యూదులు. 1941లో అమాలీని, ఆమె కూతుర్ని పోలండ్‌లోని లొద్జ్ గెట్టోకు, అంటే యూదులను నిర్బంధించిన వాడకు, తరలించారు. ఇద్దరూ తిరిగి రాలేదు. మనవడు జార్జ్ యోరిష్ మాత్రం తండ్రితో బెల్జియం చేరి, దాక్కుని బతికాడు. కాసోనే బొమ్మ ఆ ఏళ్లలోనే మాయమై, తర్వాత ప్రైవేటు చేతుల్లో తేలింది.

నాజీల కాలపు బలవంతపు లావాదేవీలు చెల్లవని 1946లోనే ఆస్ట్రియా చట్టం చేసింది. కానీ వాపసు అడగడానికి పెట్టిన గడువులు 1950ల నడుమకల్లా తీరిపోయాయి. తిరిగిచ్చిన బొమ్మల్ని దేశం దాటించాలంటే కొన్నింటిని మ్యూజియాలకు వదులుకోవాల్సి వచ్చేది. దోచుకున్నది తిరిగిస్తూ మళ్లీ వాటా అడగడమే ఇది. 1998 జనవరిలో మరో ఆస్ట్రియా చిత్రకారుడు షీలే వేసిన ‘వాలీ’ చిత్రాన్ని, నాజీల కాలంలో లాక్కున్నదన్న వాదనతో న్యూయార్క్‌లో ఆపేశాక కదలిక వచ్చింది. ఆ ఏడాది చివర్లో ఆస్ట్రియా కొత్త చట్టం తెచ్చింది, నాజీలు దోచిన కళాఖండాలకు న్యాయమైన పరిష్కారం చూడాలన్న వాషింగ్టన్ సూత్రాలకు 44 దేశాలు ఒప్పుకున్నాయి. అయితే ఆస్ట్రియా చట్టం ప్రభుత్వ సేకరణలకే; ప్రైవేటు యజమానిని కట్టడి చేయదు. అందుకే కాసోనే విషయంలో యోరిష్ అప్పటి యజమానితో రాజీ కుదుర్చుకుని, అమ్మితే వచ్చిన సొమ్మును పంచుకోవాల్సి వచ్చింది.

క్లిమ్ట్ వేసిన మరో సరస్సు చిత్రం కూడా అమాలీదే, ‘ఆటర్‌సే తీరాన లిట్జెల్‌బర్గ్’. దాన్ని నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో లాక్కుంటే డీలర్ ఫ్రీడ్రిచ్ వెల్జ్ కొని, 1944లో సాల్జ్‌బర్గ్ గ్యాలరీకి మార్పిడి చేశాడు. ‘వాలీ’ని దాని యజమానురాలి నుంచి లాక్కున్నదీ ఈ వెల్జే. లిట్జెల్‌బర్గ్ చిత్రం ప్రభుత్వ మ్యూజియంలో ఉండటంతో 2011లో పూర్తిగా యోరిష్ చేతికి వచ్చింది. ఆ నవంబరులో న్యూయార్క్‌లో 4.04 కోట్ల డాలర్లు పలికింది. అందులోంచి ఆయన 13 లక్షల యూరోలు సాల్జ్‌బర్గ్ మ్యూజియానికే ఇచ్చారు. పక్కనున్న పాత నీటి టవర్‌ను ఆ డబ్బుతో బాగుచేయించి అమాలీ రెడ్లిక్ పేరు పెట్టారు.