ఐసీయూ గోడ మీది అలారం ప్యానెల్: బరంపురంలో, కోరాపుట్‌లో

పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్లకు పెద్ద జబ్బు చేస్తే బరంపురం మెడికల్ కాలేజీ ఆస్పత్రికో, విశాఖకో పరుగెత్తాలి. కొండల మీద కోరాపుట్‌లోనూ 2017 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఇలాంటి పెద్దాసుపత్రుల ఐసీయూల్లో మంచం తలవైపు గోడలోంచే ఆక్సిజన్ వస్తుంది. కఫం లాగే సక్షనూ అక్కడి నుంచే. ఆ గొట్టాలను రాత్రీపగలూ కనిపెట్టేది నర్సుల బల్ల దగ్గరుండే అలారం ప్యానెల్. వెంట వచ్చిన బంధువులు దాన్ని కరెంటు మీటరేమో అనుకుని వదిలేస్తారు.

ఆక్సిజన్ లైనులో ఒత్తిడి మామూలుగా బయటి గాలికన్నా 4 బార్లు ఎక్కువ ఉంటుంది (బార్ అనేది ఒత్తిడి కొలత, తీరంలో మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి దాదాపు ఒక బార్). అది 20 శాతం తేడా వస్తే, అంటే 3.2కు దిగినా 4.8కి ఎక్కినా, ఎర్రదీపం వెలిగి బజర్ మోగుతుంది. సెన్సరు లోపలుండేది పల్చటి సిలికాన్ పొర. గ్యాస్ నొక్కితే వంగుతుంది, వంగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా ప్యానెల్‌కు పంపే పద్ధతి బాగా వాడుకలో ఉంది. 0 నుంచి 10 బార్ల సెన్సరైతే 4 బార్లకు 10.4 మిల్లీఆంపియర్లు.

ఒత్తిడి సున్నా అయినా 4 మిల్లీఆంపియర్లు పంపడంలోనే ఉంది తెలివంతా. ఎలుక వైరు కొరికితే కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడది గ్యాస్ అయిపోవడం కాదు, వైరు తెగడమని ప్యానెల్ పట్టేస్తుంది. చెడిపోయిన పరికరం చప్పుడు చేయకుండా ఉండి, అంతా బాగుందనిపించడం కన్నా చెడ్డది ఏముంటుంది?

ఐసీయూలోకి గ్యాస్‌ను వదిలే, ఆపే వాల్వు దాటాక సెన్సరును పెడతారు. ఎవరైనా పొరపాటున వాల్వు కట్టేసినా తెలియాలి కదా. బజర్ నొక్కి ఆపొచ్చు గానీ, ఒత్తిడి సర్దుకునేదాకా దీపం ఆరదు. అయితే ఈ ప్యానెల్ చూసేది ఒత్తిడినే. గొట్టంలో ఉన్నది ఆక్సిజనేనా అన్నది వేరే పరీక్షతో తేల్చుకోవాలి.

సక్షన్ దగ్గరికొస్తే ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. కొబ్బరిబోండంలో స్ట్రా వేసి పీలిస్తే నీళ్లను పైకి నెట్టేది నిజానికి బయటి గాలి. సక్షనూ అంతే, కాబట్టి దాన్ని బయటి గాలితో పోల్చే కొలవాలి. తీరానికి దగ్గరున్న బరంపురంలో గాలి ఒత్తిడి దాదాపు 760 మిల్లీమీటర్ల పాదరసం. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో 685 దాకానే ఉంటుంది.

సక్షన్, అంటే గొట్టంలో ఒత్తిడి బయటి గాలికన్నా ఎంత తక్కువుందో అది, 300 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే అలారం మోగేలా అమర్చడం మామూలు. బయటి గాలి ఎప్పుడూ 760 అని ముందే లెక్కగట్టుకున్న సెన్సరును కోరాపుట్‌లో బిగించారనుకోండి. గొట్టం బార్లా తెరిచి ఉన్నా 75 మిల్లీమీటర్ల సక్షన్ ఉన్నట్టు చూపిస్తుంది. అసలు సక్షన్ 225కు పడిపోయినా తెర మీద 300 కనిపిస్తుంది, బజర్ మోగదు. అందుకే వెనకవైపు సన్నటి రంధ్రంలోంచి బయటి గాలి తగిలే గేజ్ సెన్సరే వాడాలి. ఆ రంధ్రం దుమ్ముతోనో, గోడలకు వేసే రంగుతోనో పూడుకుపోకూడదు. సెన్సరును లైను నుంచి విడదీసి గాలికి వదిలితే, కొండ మీదైనా తీరంలోనైనా, తెర మీద సున్నా రావాలి.