జామకొమ్మ మీది సాలీడు, రత్నగంధి గింజ

రత్నగంధి మనకు కొత్త చెట్టు కాదు. ప్రహరీ పక్కన, స్కూలు గేటు దగ్గర ఎక్కడపడితే అక్కడ పూస్తుంది. ఎర్రటి రేకులకు పసుపు అంచు, మధ్యలోంచి మీసాల్లా పొడుచుకొచ్చే కేసరాలు, చదునైన కాయలు. 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఒక పెద్ద పుస్తకంలో 45వ ప్లేటు, అంటే పేజీ నిండా అచ్చేసిన బొమ్మ, ఈ చెట్టు కొమ్మే. బొమ్మ వేసినావిడ మరియా సిబిల్లా మేరియన్. బొమ్మ ఎంత ముచ్చటగా ఉంటుందో, పక్కన ఆమె రాసిన మాటలు అంత చేదుగా ఉంటాయి.

మేరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి పేరున్న ఎన్‌గ్రేవర్ (అచ్చు కోసం లోహపు రేకుల మీద బొమ్మలు చెక్కేవాడు), ప్రచురణకర్త. ఆమెకు మూడేళ్లప్పుడే పోయాడు. తల్లి మళ్లీ పెళ్లాడిన యాకబ్ మారెల్ పూల బొమ్మలు వేసే చిత్రకారుడు, పిల్లకు కుంచె పట్టించింది ఆయనే. పదమూడేళ్లకే ఆమె పట్టుపురుగులు పెంచి గుడ్డు, పురుగు, గూడు, రెక్కలు అన్నీ వరసగా చూసి రాసుకోవడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్ముతున్న రోజులవి.

పెళ్లయ్యాక న్యూరెంబర్గ్‌లో కాపురం. అక్కడి చిత్రకారుల సంఘం ఆడవాళ్లను తైలవర్ణాలు ముట్టుకోనిచ్చేది కాదు, నీటిరంగులతో సరిపెట్టుకోవాల్సిందే. ఆమె సరిపెట్టుకుంది. 1675 నుంచి పూల పుస్తకం మూడు భాగాలుగా వచ్చింది. అది ఎక్కువగా కుట్టుపని చేసేవాళ్లు నమూనాగా వాడుకునే బాపతు. అసలు పని 1679లో వచ్చిన గొంగళిపురుగుల పుస్తకంతో బయటపడింది. ఒక్కో ప్లేటులో ఒక మొక్క, దాన్ని తినే పురుగు, దాని గూడు, రెక్కలొచ్చాక దాని రూపం. అంతకుముందు పుస్తకాల్లో పురుగులను సూది గుచ్చినట్టు తెల్ల కాగితం మీద విడివిడిగా పేర్చేవారు. ఈమె పురుగును దాని తిండి మీద కూర్చోబెట్టింది. ఆకులకు కొరికిన చిల్లులు కూడా వదల్లేదు.

భర్తతో పొసగలేదు. ఇద్దరు కూతుళ్లతో, తల్లితో కొన్నేళ్లు ఒక మత సమాజంలో ఉండి, 1691లో ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. అక్కడి సంపన్నుల అద్దాల బీరువాల్లో దూరదేశాల సీతాకోకచిలుకలు ఎండిపోయి ఉండేవి. అవి ఏం తిని బతికాయో చెప్పేవాళ్లు లేరు. అది తెలుసుకోవడానికే 1699లో, 52 ఏళ్ల వయసులో, చిన్న కూతురు డొరొతియాను వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కు ఓడెక్కింది. ఖర్చుకు తన బొమ్మలు, సేకరణ అమ్ముకుంది. అక్కడి తోటల యజమానులకు చక్కెర తప్ప మరో ధ్యాస లేదు. చక్కెర కాకుండా ఇంకేదో వెతుకుతున్నానని తనను ఎగతాళి చేశారని ఆమే రాసింది.

అడవిలో ముందు నడిచి గొడ్డళ్లతో దారి కొట్టింది ఆమె బానిసలే. అవును, బానిసలే. ఆమె కూడా ఆ వ్యవస్థలోనే బతికింది, దీన్ని దాటేసి ఆమెను మెచ్చుకోవడం కుదరదు. మొక్కల పేర్లు, వాడకాలు చాలామటుకు వాళ్లే చెప్పారు. 1701లో జబ్బుపడి తిరిగొచ్చినప్పుడు అక్కడి స్థానిక స్త్రీ ఒకామెను కూడా తీసుకొచ్చింది. పుస్తకం పనిలో ఆ స్త్రీ సాయం ఉందంటారు, పేరు మాత్రం లేదు.

సురినామ్ పురుగుల మీద 1705లో అచ్చయిన ఆ పెద్ద పుస్తకంలో 60 ప్లేట్లు. కొన్ని ప్రతులకు ఒక కిటుకు చేశారు. అచ్చు తీసిన కాగితం తడి ఆరకముందే దాని మీద మరో కాగితం వేసి నొక్కితే గీతలు పలచగా, తిరగేసి పడతాయి. పైన రంగులేస్తే అచ్చు బొమ్మలా కాక చేత్తో గీసినట్టే ఉంటుంది. అవి ఖరీదైన ప్రతులు.

18వ ప్లేటులో జామకొమ్మ. కొమ్మ మీద ఓ పెద్ద సాలీడు, గూటి పక్కన వెల్లకిలా పడేసిన చిన్న తేనెపిట్టను తింటూ ఉంటుంది. ఆమె పోయిన వందేళ్లకు పైగా గడిచాక ఇది పెద్ద రగడైంది. 1834లో అచ్చయిన వ్యాసంలో లాన్స్‌డౌన్ గిల్డింగ్ అనే మతాధికారి ఆమె పుస్తకాన్ని చీల్చి చెండాడాడు. ఆయన సురినామ్‌లో అడుగైనా పెట్టలేదు. నిజానికి ప్లేటులో తప్పులున్నాయి: ఆకులు కత్తిరించే చీమలనూ దండుగా కదిలే చీమలనూ ఒకటి చేసేసింది, రెండు గుడ్లే పెట్టే పిట్ట గూట్లో నాలుగు గుడ్లు వేసింది. కానీ జనం ఎక్కువగా నవ్వింది పిట్టను తినే సాలీడును చూసి. 1863లో ప్రకృతి పరిశోధకుడు హెన్రీ బేట్స్ తన అమెజాన్ యాత్రా గ్రంథంలో పిట్టలను పట్టిన సాలీడును కళ్లారా చూశానని రాశాకే ఆ నవ్వులు తగ్గాయి.

రత్నగంధి ప్లేటుకు అంత రగడ కూడా జరగలేదు. డచ్చి యజమానుల కింద నానా హింసా పడే స్థానిక స్త్రీలు, తమ పిల్లలు తమలా బానిసలు కాకూడదని, ఈ గింజలతో గర్భం పోగొట్టుకుంటారని అక్కడ మేరియన్ రాసింది. గినియా, అంగోలాల నుంచి తెచ్చిన నల్లజాతి బానిసలు, చచ్చిపోతే సొంత దేశంలో స్వేచ్ఛగా పుడతామని నమ్మి ప్రాణాలు తీసుకుంటారనీ రాసింది. ఈ సంగతి వాళ్ల నోటే విన్నానంటుంది.

ఆమె 1717లో పోయింది. ఆమె నీటిరంగుల బొమ్మలను రష్యా చక్రవర్తి పీటర్ కొనిపించుకున్నాడు. 1990లలో జర్మనీ 500 మార్కుల నోటు మీద ఆమె ముఖం వచ్చింది. రత్నగంధి కూడా యూరప్ తోటలకు చేరి అలంకారపు మొక్కగా బాగా స్థిరపడింది. గింజల వాడకం మాత్రం అక్కడి మందుల పుస్తకాల్లోకి ఎక్కలేదు. 1753లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దానికి పాయిన్సియానా అని పేరు ఖాయం చేశాడు. ఆ పేరు ద పాయిన్సీ అనే ఆయన మీద పెట్టింది. ఆయన కరీబియన్‌లోని ఫ్రెంచి దీవుల గవర్నర్, ఆ దీవుల్లోనూ తోటలు నడిచింది బానిసలతోనే.