నిలువుగా క్వాంటం, అడ్డంగా కాదు

ద్రవ హీలియం ఉపరితలం మీద తేలే ఎలక్ట్రాన్లతో ప్రయోగాలు చేసే ఒక పీహెచ్‌డీ తమ్ముడు మొన్న రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టాడు. "అన్నా, అర కెల్విన్‌లో తీసిన మొబిలిటీ ఫెర్మి లెక్కతో కలవట్లేదు. ఫ్రిజ్‌లోనే ఏదో పాడైందేమో." అర కెల్విన్ అంటే పరమ శూన్యానికి అర డిగ్రీ పైన. మొబిలిటీ అంటే ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే కొలత. ఫెర్మి లెక్క అంటే ఎలక్ట్రాన్ల గుంపుకి వాడే క్వాంటం లెక్క. పాపం, వారం రోజులుగా నిద్ర లేదట.

అపోహ: చల్లగా ఉంది కాబట్టి హీలియం మీది ఎలక్ట్రాన్లకు అంతా క్వాంటమే.

కాదు నాయనా. క్వాంటం ఉన్నది నిలువు దిశలో. ద్రవంలోకి దూరాలంటే దాదాపు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ గోడ అడ్డం. పైకి పోదామంటే ప్రతిబింబ ఆవేశం, అంటే ఎలక్ట్రాన్ వల్ల హీలియంలో పుట్టే వ్యతిరేక ఆవేశం, వెనక్కి లాగుతుంది. హీలియం డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (ఆవేశానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య, శూన్యానికి 1) 1.057 మాత్రమే కాబట్టి ఆ లాగుడూ అంతంతమాత్రమే. అందుకే ఎలక్ట్రాన్ ఉపరితలానికి సగటున 11 నానోమీటర్ల ఎత్తులో ఉంటుంది. హైడ్రోజన్‌లాగే దానికీ శక్తి మెట్లున్నాయి. మొదటి మెట్టుకీ రెండోదానికీ తేడా సుమారు 125 గిగాహెర్ట్జ్, అంటే 6 కెల్విన్. అర కెల్విన్‌లో అన్నీ కింది మెట్టు మీదే.

అడ్డంగా చూడండి. చదరపు సెంటీమీటరుకి 10 కోట్ల ఎలక్ట్రాన్లుంటే పక్కపక్కవాటి మధ్య దూరం ఒక మైక్రాన్. ఆ సాంద్రతకి ఫెర్మి ఉష్ణోగ్రత (ఇంతకన్నా బాగా చల్లబడితేనే ఫెర్మి లెక్క పనికొచ్చేది) 3 మిల్లీకెల్విన్! ఉపరితలం కుంగిపోయేంత వరకు, అంటే 200 కోట్ల దాకా నింపినా 60 మిల్లీకెల్విన్ దాటదు. అర కెల్విన్‌లో ఇంకా ఫెర్మి ఎక్కడిది? క్వాంటం లేని మామూలు (క్లాసికల్) బోల్ట్జ్‌మన్ లెక్క పెట్టండి. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణని మాత్రం మరవకండి, అసలు బలం దానిదే. 1979లో బెల్ ల్యాబ్స్‌లో గ్రైమ్స్, ఆడమ్స్ చూసిన విగ్నర్ స్ఫటికం (వికర్షణ వల్ల ఎలక్ట్రాన్లు వరుసల్లో స్థిరపడేది) కూడా క్లాసికలే: వికర్షణ శక్తి ఉష్ణశక్తికి 137 రెట్ల దగ్గరికి వచ్చేసరికి పేరుకుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటి ఏడాది నేనూ ఇదే తప్పు చేసి, లీకేమోనని హీలియం ఉండే డబ్బా (సెల్) మూడుసార్లు విప్పి ఇండియం అనే మెత్తటి లోహపు సీళ్లన్నీ మార్చాను. రెండు నెలలు పోయాయి. లీకూ లేదు, ఏమీ లేదు.

మిగతావి గబగబా. హీలియం సూపర్‌ఫ్లూయిడ్ (రాపిడి లేకుండా పారే ద్రవం) కాబట్టే ఎలక్ట్రాన్లు తేలుతాయంటారు. అర కెల్విన్‌లో హీలియం-3 (హీలియంలో తేలిక రకం) సూపర్‌ఫ్లూయిడ్ కాదు, దాని మీదా తేలుతాయి. మునిగిపోతాయంటారు. బలవంతాన లోపలికి నెడితే తన చుట్టూ బుడగ కట్టుకుంటుంది, అంతే. ఇక హీలియం మీది ఎలక్ట్రాన్లతో క్వాంటం కంప్యూటర్ వచ్చేసిందన్న ఫార్వర్డ్ మెసేజ్‌లు: ప్లాట్జ్‌మన్, డైక్‌మన్ ఆ ఆలోచన రాసింది 1999లో. పని ఇంకా నడుస్తూనే ఉంది.

తమ్ముడికి పొద్దున్నే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అప్పటికే సీళ్లు విప్పేశాడట.