నా షెల్ బ్యాష్ కదా, మరి స్క్రిప్ట్ ఎందుకు ఆగింది?

విజయనగరంలో ఉంటూ చిన్న ఆఫీసుల సర్వర్లు చూసుకుంటాను. మొన్న రాత్రి పదకొండింటికి రాజాం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నయ్యా, డిఫాల్ట్ షెల్ బ్యాష్‌కి మార్చేశాను, అయినా స్క్రిప్ట్ అదే ఎర్రర్‌తో ఆగిపోతోంది" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది పాపం. నెలకొకరైనా ఇదే మాటతో వస్తారు. షెల్ అంటే మనం టైప్ చేసిన కమాండ్లనీ, వాటిని వరుసగా రాసిపెట్టిన స్క్రిప్ట్ ఫైళ్ళనీ నడిపే ప్రోగ్రాం, బ్యాష్ అందులో ఒక రకం.

అపోహ: డిఫాల్ట్ షెల్ మారిస్తే స్క్రిప్టులన్నీ అందులోనే నడుస్తాయి.

వాస్తవం: నడవవు. ఆ సెట్టింగ్ మీరు లాగిన్ అయ్యాక టైప్ చేసే షెల్‌ది, అంతే. స్క్రిప్ట్ ఎందులో నడవాలో చెప్పేది మొదటి లైన్లో #! తో మొదలయ్యే షెబాంగ్. అందులో బ్యాష్ అని ఉన్నా మీరు ఎస్‌హెచ్ (sh, సిస్టమ్‌లోని మామూలు షెల్ పేరు) అని ముందు పెట్టి ఫైలు పేరు ఇస్తే షెబాంగ్ వట్టి కామెంటే, తమ్ముడు చేసింది సరిగ్గా అదే. అసలు షెబాంగే లేకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే బ్యాష్ నుంచి పిలిస్తే బ్యాషే నడిపేస్తుంది, రాత్రి క్రాన్ (పనుల్ని చెప్పిన టైముకి నడిపే ప్రోగ్రాం) పిలిస్తే ఎస్‌హెచ్ నడుపుతుంది, ఉబుంటు లినక్స్‌లో 2006 నాటి 6.10 వెర్షన్ నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే మరో షెల్, డెబియన్ లినక్స్‌లో 2011లో వచ్చిన 6.0 నుంచి.

బొబ్బిలి వైపు ఒక రైస్ మిల్లులో ఇలాగే అయింది. బ్యాకప్ ఫోల్డర్ ఉందా అని, బ్యాష్‌లో షరతు రాసే [[ తో చూసి, ఉంటే కాపీ చేయాలి. చేత్తో నడిపితే బ్రహ్మాండంగా పనిచేసింది. క్రాన్‌లో డ్యాష్‌కి [[ అంటే తెలియని కమాండ్, అంటే షరతు తప్పినట్టే లెక్క, కాపీ దాటేసి చివర "అయిపోయింది" అని లాగ్‌లో రాసేసింది. ఎర్రర్లు ఎక్కడికీ రాకుండా మళ్ళించేశారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పదకొండు రోజులు బ్యాకప్ లేదు! డిస్కు పోలేదు కాబట్టి సరిపోయింది, ఆ యజమాని ముఖం మాత్రం నాకు ఇంకా గుర్తుంది.

అపోహ: బ్యాష్ అన్నిచోట్లా ఉంటుంది. ఎవరు పుట్టించారో ఈ మాట! ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటైనర్లో మామూలుగా ఉండదు, బిజీబాక్స్ యాష్ అనే మరో షెల్ ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మ్యాక్‌లో ఉంది గానీ పాత 3.2 వెర్షన్, అసోసియేటివ్ అరేలు (పేరుతో విలువ దాచుకునే జాబితాలు) పనిచేయవు. 2019లో మ్యాక్ కాటలినా వెర్షన్‌తో డిఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్ అయిందని స్క్రిప్టులన్నీ తిరగరాయాలని భయపడినవాళ్ళున్నారు, అక్కర్లేదు, షెబాంగ్ సరిగా ఉంటే చాలు.

అపోహ: డ్యాష్ పాతది, చేతకానిది. కాదు, చిన్నది, త్వరగా మొదలవుతుంది, పోసిక్స్ అనే ఉమ్మడి ప్రమాణానికి దగ్గరగా ఉంటుంది.

నేనైతే నాలుగు రకాల మెషీన్లలో తిరగాల్సిన స్క్రిప్టుకి ఎస్‌హెచ్ షెబాంగే పెడతాను, స్క్రిప్టుల్లో తప్పులు చూపే షెల్‌చెక్‌లో చూస్తాను, డ్యాష్‌లో ఒకసారి నడుపుతాను. అరేలు నిజంగా కావాలంటే మొహమాటపడకుండా బ్యాష్ అని రాసి, బ్యాష్ కావాలని వాడేవాళ్ళకి ముందే చెప్పండి. తమ్ముడి స్క్రిప్టులో డ్యాష్‌కి అర్థం కానివి మార్చినవి మూడే: == బదులు =, సోర్స్ కమాండ్ బదులు చుక్క (.), ఒక అరే బదులు సెట్ కమాండ్. ఫోన్‌లోనే పావుగంటలో అయిపోయింది.