చెరువు ప్రాజెక్టులు: డిగ్రీ పిల్లల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ చెబుతూ, చెరువులు, బస్తీల మీద ప్రాజెక్టులు చేయిస్తుంటాను. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, అపోహలు మాత్రం పాతవే.

అపోహ: గుర్రపుడెక్క పీకేస్తే చెరువు బాగుపడుతుంది.
వాస్తవం: ఫొటోలు బాగా వస్తాయి, అంతే. ఆ మొక్కను మేపేది డ్రైనేజీ నీళ్లలోని నత్రజని, భాస్వరం. మురుగు ఆగనంతకాలం పీకిన చోటే మళ్లీ అల్లుకుంటుంది. అందుకే మా వాళ్లను ముందు నాలా వెంట ఎగువకు నడిపిస్తాను. ఏ కాలనీ పైపు ఎక్కడ కలుస్తోందో మ్యాపు మీద గుర్తు పెట్టాక చెరువు మాట.

అపోహ: నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌లో ఇస్తే చాలు.
వాస్తవం: కరిగిన ఆక్సిజన్ పరీక్ష గట్టు మీదే మొదలవ్వాలి. బుడగ మిగలకుండా సీసా నింపి, అక్కడికక్కడే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ కలపాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా ఉంటే దాదాపు లేనట్టే. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలన్న ప్రమాణాన్ని, తెల్లమడ్డి ఒకసారి కళ్లారా చూసినవాడికి బట్టీ పట్టించనక్కర్లేదు.

అపోహ: ఇది సైన్స్ వాళ్ల పని.
వాస్తవం: ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాపు, సర్వే నంబర్లు పక్కపక్కన పెట్టి చూడటంలో మా బీకాం పిల్లలే చురుకు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ 30 మీటర్ల బఫర్, అంటే కట్టడాల్లేని ఖాళీ జాగా, ఉండాలి. అది కొలవడానికి కెమిస్ట్రీ ఎందుకు? ఇక పాతబస్తీకి వెళ్తే, ఉర్దూ వచ్చిన అమ్మాయి టీంలో లేకపోతే పని కదలదు.

అపోహ: గూగుల్ ఫాం పంపితే సర్వే అయిపోతుంది.
వాస్తవం: ఆ జవాబులన్నీ క్లాస్‌మేట్స్‌వే! బస్తీకి నల్లా వదిలే టైంకు వెళ్లాలి. బిందె నిండేలోపు ఆడవాళ్లు చాలా సంగతులు చెబుతారు. "అక్కా, 2020 అక్టోబర్ వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్?" అని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. టేపు తీసి ఆ ఎత్తు కొలిచి, ఇంటింటికీ రాసుకోండి. ఏ గల్లీ ఎంత మునిగిందో వాన లెక్కల్లో దొరకదు.

అపోహ: ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు లాయర్లకే.
వాస్తవం: పది రూపాయల ఫీజు, తెల్లకాగితం మీద సూటి ప్రశ్నలు చాలు. కాకపోతే జవాబుకు 30 రోజుల గడువుంది, ఒక్కోసారి అప్పీలుకూ వెళ్లాలి. సెమిస్టర్ మొదటి వారంలోనే దరఖాస్తు వేయించండి. లేదంటే పరీక్షలయ్యాక వస్తుంది జవాబు.